హాస్టల్‌కు మల్టీకాస్ట్ స్ట్రీమ్ చేరడం లేదు: డెబియన్ 12, ఎఫ్‌ఆర్‌ఆర్, పిమ్

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే చోట చిక్కుకుపోయాను. మీ సాయం కావాలి.

గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూస్తుంటాను. మెయిన్ బ్లాక్‌లో చిన్న స్టూడియో ఉంది. అక్కడ చెప్పే పాఠం హాస్టల్‌లోని 60 స్టడీ రూముల్లో ఒకేసారి రావాలి. స్ట్రీమ్ 6 మెగాబిట్లు. రూముకొకటి చొప్పున విడిగా పంపితే 360 మెగాబిట్లు అవుతుంది, స్టూడియోలో ఉన్న పాత పీసీ అంత మోయలేదు. అందుకే మల్టీకాస్ట్ (స్ట్రీమ్ ఒక్కసారే పంపితే, కావాల్సిన చోట్ల రౌటర్లే కాపీలు చేసి పంచడం) పెడదామని నేనే ముందుపడి చెప్పాను. వచ్చే సోమవారం నుంచి క్లాసులు, అదే టెన్షన్.

ఉన్నది రెండు డెబియన్ లైనక్స్ పెట్టెలు, రెండింటిలోనూ ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్.

రౌటర్ ఏ మెయిన్ బ్లాక్‌లో. ఈత్1 స్టూడియో 10.20.1.0/24. ఈత్2 ఫైబర్ 10.20.100.1/30. ఈత్3 బ్యాకప్ వైర్‌లెస్ లింక్ 10.20.101.1/30. లూప్‌బ్యాక్ 10.20.255.1, దాన్నే ఆర్‌పీగా, అంటే పంపేవాళ్లూ అడిగేవాళ్లూ కలిసే చోటుగా పెట్టాను.

రౌటర్ బీ హాస్టల్‌లో. ఈత్1 హాస్టల్ 10.20.30.254/24. ఈత్2 ఫైబర్ 10.20.100.2. ఈత్3 వైర్‌లెస్ 10.20.101.2.

రూటింగ్ ప్రోటోకాల్ ఏదీ లేదు, అన్నీ స్టాటిక్ రూట్లే. ఏలో స్టూడియో, ఫైబర్, లూప్‌బ్యాక్ మీద పిమ్ (మల్టీకాస్ట్ ఎటు కావాలో రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) ఉంది. బీలో ఫైబర్ మీద పిమ్, హాస్టల్ వైపు పిమ్‌తో పాటు ఐజీఎంపీ (ఏ గ్రూప్ కావాలో పెట్టెలు రౌటర్‌కు చెప్పేది). రెండు రౌటర్లూ ఒకదాన్నొకటి పిమ్ నైబర్‌గా చూస్తున్నాయి. పింగ్ ఎక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్తోంది. స్టూడియోలో వీఎల్‌సీ ప్లేయర్ నుంచి మల్టీకాస్ట్ గ్రూప్ అడ్రస్ 239.10.10.5, పోర్ట్ 5004కి పంపుతున్నాను. హాస్టల్‌లో నల్ల తెర తప్ప ఏమీ లేదు.

పిమ్ నడిపే డీమన్‌ను, అంటే వెనకాల నడిచే పిమ్‌డీ ప్రోగ్రామ్‌ను, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో లెక్కలేదు. పిమ్‌డీలోనే బగ్ ఉందేమోనని అనుమానం.

కేబుల్_ఒంగోలు | సోమవారం రాత్రి 10:05

తమ్ముడూ, ముందు ఒక్కటి చూడు. రౌటర్ ఏలో ఈత్1 మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లు చూపించేది) పెట్టి, హైఫన్ వీ కూడా ఇచ్చి, ప్యాకెట్ టీటీఎల్, అంటే దాటే ప్రతి రౌటర్ దగ్గర ఒకటి తగ్గే అంకె, ఎంతుందో చెప్పు. వీఎల్‌సీ అంటున్నావు కాబట్టి అడుగుతున్నా.

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 10:22

అన్నా, టీటీఎల్ 1 అని వస్తోంది!

కేబుల్_ఒంగోలు | సోమవారం రాత్రి 10:30

అనుకున్నాను. ప్రోగ్రామ్ ప్రత్యేకంగా చెప్పకపోతే మల్టీకాస్ట్ ప్యాకెట్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ టీటీఎల్ 1 మాత్రమే పెడుతుంది. యూనికాస్ట్‌కు లైనక్స్‌లో 64 వస్తుంది కాబట్టి పింగ్ బాగానే పోతుంది, మల్టీకాస్ట్ మాత్రం మొదటి రౌటర్ దగ్గరే రాలిపోతుంది. వీఎల్‌సీ స్ట్రీమ్ అవుట్‌పుట్‌లో టీటీఎల్ 16 అని పెట్టు. ఐపర్ఫ్‌తో పరీక్ష చేసినా ఇదే సంగతి, అక్కడ పెద్ద టీ ఆప్షన్ ఇవ్వాలి.

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 10:58

16 పెట్టాను. డంప్‌లో ఇప్పుడు 16 కనిపిస్తోంది. కానీ హాస్టల్‌లో ఇంకా అదే నల్ల తెర.

ఇంకో సంగతి. ఏలో 'ఐపీ హైఫన్ ఎస్ ఎంరూట్ షో' కొడితే (10.20.1.50, 239.10.10.5) ఎంట్రీ, అంటే స్టూడియో పీసీ నుంచి ఈ గ్రూప్‌కు వెళ్లేది, ఉంది, ప్యాకెట్ల లెక్క గబగబా పెరుగుతోంది. అంటే ఏ పంపుతున్నట్టే కదా? బీలోనే తేడా ఉందా?

ప్యాకెట్_వేట | సోమవారం రాత్రి 11:15

ఆ లెక్కను చూసి మోసపోకండి. అది ఆ ఎంట్రీకి తగిలిన ప్యాకెట్ల లెక్క, బయటికి వెళ్లినవాటిది కాదు. బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్ ఒక్కటి కూడా లేకపోయినా, టీటీఎల్ చాలక ప్యాకెట్ రాలిపోతున్నా ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది. మీకు టీటీఎల్ 1 ఉన్నప్పుడు కూడా పెరిగే ఉంటుంది. అదే లైన్లో 'ఐఐఎఫ్' అని లోపలికి వచ్చే ఇంటర్‌ఫేస్ ఉంటుంది. దాని పక్కన 'ఓఐఎఫ్స్' అని బయటికి పోయేవి ఉన్నాయా? ఉంటే ఏమున్నాయి?

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 11:21

ఐఐఎఫ్ ఈత్1 అని ఉంది మేడమ్. ఓఐఎఫ్స్ అసలు లేవు.

మర్రిచెట్టు | మంగళవారం ఉదయం 6:10

బాబూ, రాత్రి మీరంతా రాసింది ఇప్పుడే చూశాను. ఓఐఎఫ్స్ లేవు అంటే సగం జవాబు దొరికినట్టే. ఏ దగ్గర పాలు ఉన్నాయి, తెమ్మని అడిగినవాళ్లు లేరు. అడగాల్సింది బీ. అది అడిగిందా లేదా అన్నదే ఇప్పుడు చూడాలి.

నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో యూనిక్స్ వర్క్‌స్టేషన్ల మీద ఎంరౌటెడ్ అనే మల్టీకాస్ట్ డీమన్ నడిపేవాళ్లం. స్టీవ్ డీరింగ్ 1989లో రాసిన ఐపీ మల్టీకాస్ట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 1112 ప్రింట్ తీసి పెట్టుకుని చదివేవాళ్లం. 1992 మార్చిలో శాన్ డియాగోలో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సమావేశం జరిగినప్పుడు దాని ఆడియోను ఇంటర్నెట్ మీదుగా పంపింది ఇలాంటి యూనిక్స్ యంత్రాల మధ్య వేసిన టన్నెళ్ల గుండానే. ఎంబోన్ అనేవాళ్లు దాన్ని. ఆనాటి నుంచి ఈనాటి వరకు మారని సంగతి ఒకటుంది. మామూలుగా స్ట్రీమ్ ప్యాకెట్లను డీమన్ మోయదు. పొరుగు రౌటర్లతో మాట్లాడి, 'ఈ మూలం నుంచి ఈ గ్రూప్‌కు వచ్చేది ఈ ఇంటర్‌ఫేస్‌లో తీసుకో, వీటిలోకి పంపు' అని కెర్నల్‌లో రాసిపెట్టడం వరకే దాని పని. మోసేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం. అందుకే డీమన్‌ను రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటే రాసిన కాగితం చించి మళ్లీ అదే కాగితం రాయించడం తప్ప ఏమీ జరగదు.

వెతికేటప్పుడు ఎప్పుడూ వినేవాడి దగ్గర మొదలుపెట్టి మూలం వైపు నడవండి. జనం మూలం దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే అక్కడ ప్యాకెట్లు కనిపిస్తాయి కాబట్టి ధైర్యంగా ఉంటుంది. కానీ పిమ్ స్పార్స్ మోడ్‌లో కోరిక కింది నుంచి పైకి వెళ్తుంది, వీడియో పై నుంచి కిందికి వస్తుంది. కోరిక ఎక్కడ ఆగిందో తెలిస్తే చాలు.

బీలో ఎఫ్‌ఆర్‌ఆర్ కమాండ్ షెల్ వీటీవైఎస్‌హెచ్ తెరిచి 'షో ఐపీ ఐజీఎంపీ గ్రూప్స్' చూడండి. 239.10.10.5 అక్కడ లేకపోతే సమస్య హాస్టల్ వైపు. ఉంటే, బీలో ఫైబర్ ఇంటర్‌ఫేస్ మీద ప్రోటోకాల్ 103కి, అంటే పిమ్‌కు, టీసీపీడంప్ పెట్టి ఒక 3 నిమిషాలు కదలకుండా చూడండి. 30 సెకన్లకో హలో ('నేనున్నాను' అని నైబర్ చెప్పేది) రావాలి. 60 సెకన్లకోసారి బీ నుంచి జాయిన్ ('ఈ గ్రూప్ నాకు పంపు' అన్న కోరిక) వెళ్లాలి. ఆ రెండో ముక్క ఉందా లేదా చెప్పండి.

కృష్ణాతీరం | మంగళవారం ఉదయం 9:35

గురువుగారూ, మీరు చెప్పినట్టే చేశాను. గ్రూప్ ఉంది, బీకి తెలుసు. డంప్ 5 నిమిషాలు పెట్టి చూశాను. హలోలు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. జాయిన్ ఒక్కటీ లేదు.

ప్యాకెట్_వేట | మంగళవారం ఉదయం 10:10

అయితే ఆర్‌పీఎఫ్, అంటే తిరుగు దారి తనిఖీ. బీలో ఈ రెండూ కొట్టండి: 'షో ఐపీ ఆర్‌పీఎఫ్ 10.20.255.1', 'షో ఐపీ ఆర్‌పీఎఫ్ 10.20.1.50'. ఏ ఇంటర్‌ఫేస్ చూపిస్తోంది?

కొత్తగా చదివేవాళ్ల కోసం చెప్తున్నాను. మామూలు రూటింగ్‌లో రౌటర్ 'ఈ ప్యాకెట్ ఎక్కడికి పోవాలి' అని చూస్తుంది. మల్టీకాస్ట్‌లో గమ్యం ఒక చోటు కాదు కాబట్టి తిరగేసి చూస్తుంది: 'ఈ మూలానికి నేను ప్యాకెట్ పంపాలంటే ఏ దారిన పంపుతాను? అయితే దాని నుంచి వచ్చేది కూడా ఆ దారినే రావాలి.' వేరే దారిన వస్తే పారేస్తుంది, లేకపోతే ప్యాకెట్లు గుండ్రంగా తిరిగి నెట్‌వర్క్ కూలిపోతుంది. జాయిన్ పంపేటప్పుడూ అదే లెక్క. ఆర్‌పీ వైపు పోయే యూనికాస్ట్ దారిలో ఉన్న పిమ్ నైబర్‌కే జాయిన్ వెళ్తుంది. ఆ దారిలో పిమ్ నైబర్ లేకపోతే జాయిన్ పంపడానికి ఎవరూ లేరు, డీమన్ నోరు మూసుకుని కూర్చుంటుంది.

నేను హైదరాబాద్‌లో మార్కెట్ ఫీడ్ల మీద పనిచేస్తాను. స్టాక్ ఎక్స్ఛేంజీల ధరల ఫీడ్ మల్టీకాస్ట్‌లోనే వస్తుంది. మా దగ్గర ఫీడ్ ఆగిపోతే నేను మొదట చూసేది ఆర్‌పీఎఫ్‌నే.

కృష్ణాతీరం | మంగళవారం ఉదయం 10:41

మేడమ్, రెండూ ఈత్3 చూపిస్తున్నాయి! వైర్‌లెస్!

ఇప్పుడు గుర్తొచ్చింది. జూలైలో రోడ్డు పని చేస్తూ జేసీబీ ఫైబర్ తెంపింది. ఆ రోజు వానలో, హాస్టల్ పిల్లలకు మర్నాడు ఆన్‌లైన్ పరీక్ష ఉంటే, బీలో డిఫాల్ట్ రూట్‌ను వైర్‌లెస్ మీదికి నేనే మార్చాను. మూడు రోజుల తర్వాత ఫైబర్ అతికారు. రూట్ మాత్రం అలాగే వదిలేశాను. నెట్ వస్తోంది, పింగ్ పోతోంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇన్ని నెలలుగా హాస్టల్ మొత్తం వైర్‌లెస్ మీదే నడుస్తోందన్నమాట.

కృష్ణాతీరం | మంగళవారం ఉదయం 11:02

వచ్చింది!!! రూట్‌ను 10.20.100.1కి మార్చాను. నిమిషం లోపే డంప్‌లో జాయిన్ కనిపించింది. ఏలో ఓఐఎఫ్స్ దగ్గర ఈత్2 వచ్చింది. హాస్టల్ రూమ్ 14లో తెర మీద మా స్టూడియో బోర్డు కనిపిస్తోంది. ఫిజిక్స్ మేడమ్ బోర్డు మీద రాసిపెట్టిన నిన్నటి లెక్క కూడా స్పష్టంగా చదవగలుగుతున్నాను. మీ అందరికీ చేతులెత్తి దండం.

విశాఖ_బీఎస్‌డీ | మంగళవారం మధ్యాహ్నం 1:20

శుభం. ఇదే ఆర్‌పీఎఫ్ గురించి నేనూ రెండు మాటలు చెప్తాను, తర్వాత ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

నేను చాలాకాలం ఫ్రీబీఎస్‌డీ మీద జోర్ప్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ నడిపాను. బర్క్‌లీలోని ఐసీఎస్‌ఐ పరిశోధన సంస్థలో పుట్టిన ప్రాజెక్ట్ అది, 1.0 వెర్షన్ 2004లో వచ్చింది. అందులో పిమ్ నేరుగా కెర్నల్ రూట్ టేబుల్ చూడదు. ఎంఆర్‌ఐబీ అని మల్టీకాస్ట్ కోసం విడిగా ఉన్న టేబుల్ చూస్తుంది. ఓఎస్‌పీఎఫ్ లాంటి రూటింగ్ ప్రోటోకాల్ ఏదీ లేకుండా కెర్నల్‌లో చేత్తో రూట్లు వేసుకుంటే ఆ టేబుల్ ఖాళీగా ఉంటుంది. 'ఫిబ్2ఎంరిబ్' అనే మాడ్యూల్ పెడితేనే కెర్నల్ రూట్లు అందులోకి వస్తాయి. నేను రెండు వారాలు దాని దగ్గర ఆగిపోయాను. 'రిజిస్టర్_విఫ్' ఆన్ చేయడం మర్చిపోవడం ఇంకొకటి. అది లేకపోతే మూలం పక్కనున్న రౌటర్ నుంచి ఆర్‌పీకి రిజిస్టర్ ప్యాకెట్లు వెళ్లవు.

ఫ్రీబీఎస్‌డీలో ముందు ఐపీ_ఎంరూట్ మాడ్యూల్ లోడ్ అయి ఉండాలి, కేఎల్‌డీలోడ్‌తో ఎక్కించవచ్చు. తర్వాత 'నెట్‌స్టాట్ హైఫన్ జీ' కొడితే వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లూ ఫార్వర్డింగ్ ఎంట్రీలూ కనిపిస్తాయి. దానికి ఎస్ కూడా కలిపితే తప్పు ఇంటర్‌ఫేస్‌లో వచ్చిన ప్యాకెట్ల లెక్క ఇస్తుంది. లైనక్స్‌లో 'అరైవ్డ్ ఆన్ రాంగ్ ఐఐఎఫ్' అని వచ్చేది కూడా అదే. ఆ అంకె పెరుగుతుంటే మీ ఆర్‌పీఎఫ్ ఒక దారి చూపిస్తోంది, ప్యాకెట్లు ఇంకో దారిన వస్తున్నాయి.

లైనక్స్ వాళ్లకు ఇంకో గుంట ఉంది, అది ఆర్‌పీ_ఫిల్టర్. పేరు దగ్గరగా ఉన్నా ఇది పిమ్ చేసేది కాదు, కెర్నల్ విడిగా చేసే మూలం తనిఖీ. విలువ 1 ఉంటే, ఆ మూలానికి తిరుగు దారి ఆ ఇంటర్‌ఫేస్ కాకపోతే ప్యాకెట్‌ను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. ఇంటర్‌ఫేస్‌కు 0 పెట్టి 'ఆల్' దగ్గర 1 వదిలేస్తే లాభం లేదు, రెండింటిలో పెద్దదే అమలవుతుంది. 

కృష్ణాతీరం | మంగళవారం సాయంత్రం 5:15

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. స్ట్రీమ్ కాసేపు ఆడి ఆగిపోతోంది. ఒకసారి 5 నిమిషాలు, ఒకసారి దాదాపు 8 నిమిషాలు. పిమ్‌డీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఈసారైనా డీమన్ బగ్ అనుకోవచ్చా?

ఆర్‌పీ_ఫిల్టర్ చూశాను, అన్నిచోట్లా 0.

కొత్తమొక్క | మంగళవారం సాయంత్రం 5:50

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను బీటెక్ మూడో సంవత్సరం. వర్చువల్ మెషీన్లలో ఇదంతా చేసి చూస్తున్నాను. నాకు పిమ్‌డీ అసలు మొదలే అవడం లేదు. లాగ్‌లో ఎంఆర్‌టీ_ఇనిట్ దగ్గర 'అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్' అని వస్తోంది. ఏ అడ్రస్ వాడుకలో ఉందో వెతికాను, దొరకలేదు.

మర్రిచెట్టు | మంగళవారం సాయంత్రం 6:25

అమ్మా లేక నాయనా, ఎవరైనా సరే, క్షమాపణ అక్కర్లేదు. ఆ మాటలో అడ్రస్ కోసం వెతకొద్దు. కెర్నల్‌లో ఒక మల్టీకాస్ట్ రూటింగ్ టేబుల్‌కు ఒక్కరే యజమాని. ఎంఆర్‌టీ_ఇనిట్ అంటే ఆ తాళంచెవి తీసుకోవడం. ఇంతకుముందే ఇంకో డీమన్ తీసుకుని ఉంది. ఎస్‌ఎంసీరూట్ గాని, ఎంరౌటెడ్ గాని, ఐజీఎంపీ ప్రాక్సీ గాని నడుస్తోందేమో చూడు.

కొత్తమొక్క | మంగళవారం సాయంత్రం 6:40

అవును సార్, గత నెల నేర్చుకోవడానికి ఎస్‌ఎంసీరూట్ ఇన్‌స్టాల్ చేశాను, బూట్ అయినప్పుడల్లా అదే లేస్తోంది. ఆపేశాక పిమ్‌డీ లేచింది. కానీ స్ట్రీమ్ ఇంకా రౌటర్ దాటడం లేదు. టీటీఎల్ 32 ఇచ్చాను. గ్రూప్ 224.0.0.100.

ప్యాకెట్_వేట | మంగళవారం సాయంత్రం 6:52

224.0.0.0 నుంచి 224.0.0.255 వరకు ఉన్నవి ఒకే లింక్ కోసం. టీటీఎల్ ఎంత పెట్టినా రౌటర్ దాటించకూడదు. ఓఎస్‌పీఎఫ్ 224.0.0.5లో, పిమ్ 224.0.0.13లో ఉంటాయి. సొంత వాడకానికి 239తో మొదలయ్యేవి తీసుకో, అవి మన ప్రైవేట్ అడ్రసుల్లాంటివి.

కేబుల్_ఒంగోలు | మంగళవారం రాత్రి 8:30

తమ్ముడూ కృష్ణాతీరం, పోల్ ఎక్కి దిగేసరికి ఆలస్యమైంది. కాసేపు ఆడి ఆగిపోయేది ఎప్పుడూ క్వెరీ సంగతే. 'ఎవరికి ఏ గ్రూప్ కావాలి' అని ఐజీఎంపీలో అడిగేది క్వెరీ, దానికి పెట్టెలిచ్చే జవాబు రిపోర్ట్. ఐపీటీవీ లైన్లలో పదిహేనేళ్లుగా చూస్తున్నాను. హాస్టల్ స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టులకే స్ట్రీమ్ పంపడం) ఉందా? క్వెరియర్, అంటే స్విచ్చే క్వెరీలు పంపే ఆప్షన్ కూడా ఉందా? బీలో ఈత్1 మీద ఐజీఎంపీకి డంప్ పెట్టి ఒక పది నిమిషాలు వదిలెయ్. పక్కన స్ట్రీమ్ ఆడనివ్వు. క్వెరీ ఎవరి నుంచి వస్తోందో, అది వచ్చాక రిపోర్టులు నీ దాకా వస్తున్నాయో లేదో రాసి పెట్టుకో.

కృష్ణాతీరం | మంగళవారం రాత్రి 9:25

కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. పిమ్‌డీ లేచిన సమయాన్ని సున్నాగా తీసుకుంటే:

0:00 బీ నుంచి క్వెరీ. రెండు మూడు సెకన్లలో హాస్టల్ పెట్టెల నుంచి రిపోర్టులు.
0:31 మళ్లీ బీ నుంచి క్వెరీ, రిపోర్టులు.
0:48 క్వెరీ 10.20.30.2 నుంచి! రిపోర్టులు వచ్చాయి.
2:53 మళ్లీ 10.20.30.2 నుంచి. రిపోర్టులు వచ్చాయి. బీ ఆ తర్వాత ఒక్క క్వెరీ కూడా పంపలేదు.
4:58 10.20.30.2 నుంచి క్వెరీ. ఈసారి రిపోర్ట్ ఒక్కటీ రాలేదు.
7:03 అదే. రిపోర్టులు లేవు.
7:15 స్ట్రీమ్ ఆగింది.

10.20.30.2 హాస్టల్ స్విచ్ మేనేజ్‌మెంట్ అడ్రస్. బీలో 'షో ఐపీ ఐజీఎంపీ ఇంటర్‌ఫేస్' కొడితే క్వెరియర్ దగ్గర లోకల్ అని కాకుండా అదర్ అని ఉంది.

కేబుల్_ఒంగోలు | మంగళవారం రాత్రి 9:50

ఆ కాగితం దాచిపెట్టుకో తమ్ముడూ. అందులోనే మొత్తం ఉంది.

ఒక సెగ్మెంట్‌లో క్వెరీ పంపేది ఒక్కరే. తక్కువ ఐపీ ఉన్నవాళ్లు గెలుస్తారు. నీ బీ .254, స్విచ్ .2. స్విచ్ క్వెరీ వినగానే బీ తప్పుకుంది. అది రూల్ ప్రకారమే చేసింది. స్విచ్ ఏం చేస్తుందంటే, పెట్టెల నుంచి వచ్చే రిపోర్టులను అన్ని పోర్టులకూ పంపదు, రౌటర్ ఉందని తెలిసిన పోర్టుకే పంపుతుంది. రౌటర్ ఎక్కడుందో ఎలా తెలుసుకుంటుంది? ఆ పోర్టులో క్వెరీ వినబడితే. మంచి స్విచ్‌లు పిమ్ హలో విని కూడా తెలుసుకుంటాయి, చవకవి చాలావరకు వినవు. బీ మౌనంగా ఉండేసరికి నాలుగు నిమిషాల తర్వాత స్విచ్ ఆ పోర్టును మర్చిపోయింది. అక్కడి నుంచి రిపోర్టులు స్విచ్ దగ్గరే ఆగిపోయాయి. బీ తన చివరి రిపోర్ట్ నుంచి 260 సెకన్లు ఆగి, వినేవాళ్లు ఎవరూ లేరనుకుని గ్రూప్ తీసేసింది. నీ చివరి రిపోర్ట్ 2:53, ఆగింది 7:15. కూడి చూసుకో, రిపోర్ట్ రావడానికి పట్టే రెండు సెకన్లు పోను సరిగ్గా సరిపోతుంది.

260 ఎక్కడిదంటే, క్వెరీ 125 సెకన్లకోసారి. రెండు క్వెరీలు తప్పిపోయినా పర్లేదని 250, జవాబు గడువు 10.

రీస్టార్ట్ చేస్తే ఎందుకు వస్తోందో కూడా ఇదే. కొత్తగా లేచిన డీమన్ నేనే క్వెరియర్ అనుకుని క్వెరీ పంపుతుంది, స్విచ్‌కు పోర్ట్ మళ్లీ గుర్తొస్తుంది. అంతే.

చేయాల్సింది: స్విచ్‌లో క్వెరియర్ తీసెయ్. స్నూపింగ్ ఉంచు, అది తీస్తే 6 మెగాబిట్లు హాస్టల్‌లో ప్రతి పోర్టుకూ కొట్టుకుంటాయి. బీ ఉన్న పోర్టును రౌటర్ పోర్టుగా చేత్తో రాసెయ్. బీకి .1 ఇచ్చినా పని అవుతుంది కానీ గేట్‌వే మారిస్తే హాస్టల్ మొత్తం నీ గది ముందుకు వస్తారు.

ప్యాకెట్_వేట | మంగళవారం రాత్రి 10:05

కేబుల్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే ఇదే లక్షణం ఫైర్‌వాల్ వల్ల కూడా వస్తుంది. టీసీపీడంప్ లోపలికి వచ్చే ప్యాకెట్లను లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టీ కంటే ముందే చూస్తుంది. డంప్‌లో రిపోర్ట్ కనిపించింది కాబట్టి డీమన్‌కు అందిందని అనుకోకండి. ఇన్‌పుట్‌లో ఐజీఎంపీ, అంటే ప్రోటోకాల్ 2, పిమ్, అంటే 103, రెండింటికీ అనుమతి ఉండాలి. స్ట్రీమ్ కోసం ఫార్వర్డ్‌లో విడిగా ఉండాలి. డంప్‌లో రిపోర్టులు వస్తూ, 'షో ఐపీ ఐజీఎంపీ గ్రూప్స్' ఖాళీగా ఉంటే నేరుగా ఎన్‌ఎఫ్‌టీ రూల్స్ చూడండి.

కృష్ణాతీరం | బుధవారం మధ్యాహ్నం 12:30

స్విచ్‌లో క్వెరియర్ తీసేశాను, బీ పోర్టును రౌటర్ పోర్టుగా పెట్టాను. ఉదయం 8:10కి మొదలైన స్ట్రీమ్ ఇప్పటికీ ఆడుతోంది. పిమ్‌డీని ముట్టుకోలేదు. మూడు రోజులు దాన్ని తిట్టుకున్నాను, దాని తప్పు ఏమీ లేదు.

రెండు ప్రశ్నలు. రెండో ఛానల్‌కు 239.0.0.5 తీసుకుందామనుకుంటున్నాను, గుర్తుపెట్టుకోవడం తేలిక. అలాగే పిల్లలు ఫోన్లలో వైఫై మీద కూడా చూస్తామంటున్నారు, పెట్టొచ్చా?

కేబుల్_ఒంగోలు | బుధవారం మధ్యాహ్నం 1:45

239.0.0.5 వద్దు. మల్టీకాస్ట్ ఐపీలో చివరి 23 బిట్లే మ్యాక్ అడ్రస్‌లోకి, అంటే స్విచ్ చూసే అడ్రస్‌లోకి వెళ్తాయి, అందువల్ల 32 ఐపీలకు ఒకటే మ్యాక్ వస్తుంది. 239.0.0.5, 224.0.0.5 రెండింటి మ్యాకూ ఒకటే. 224.0.0 వాటిని స్విచ్ స్నూపింగ్ చేయకుండా అన్ని పోర్టులకూ పంపాలి. మ్యాక్ చూసి పనిచేసే స్విచ్ అయితే నీ రెండో ఛానల్‌ను కూడా హాస్టల్ అంతా చల్లేస్తుంది. 239.128.0.5 కూడా అంతే. 239.10.10.6 తీసుకో, హాయిగా ఉంటుంది.

వైఫై మీద ఇప్పుడప్పుడే పెట్టకు. గాలిలో మల్టీకాస్ట్ అందరికీ వినబడేలా బాగా తక్కువ వేగంతో వెళ్తుంది, అందిందన్న జవాబు రాదు, పోయిన ముక్క మళ్లీ పంపరు. చిత్రం ముక్కలైపోతుంది, మిగతావాళ్ల నెట్ కూడా నెమ్మదిస్తుంది. మల్టీకాస్ట్‌ను ఒక్కొక్కరికి యూనికాస్ట్‌గా మార్చి ఇచ్చే యాక్సెస్ పాయింట్లు ఉన్నాయి, మీ దగ్గర ఉన్నవి అలాంటివైతే అప్పుడు చూద్దాం.

మర్రిచెట్టు | బుధవారం సాయంత్రం 6:00

బాబూ, ఫైబర్ మళ్లీ తెగితే ఏం చేస్తారో ఆలోచించారా? మల్టీకాస్ట్ పెట్టినందుకు అసలు లాభం అప్పుడే తెలుస్తుంది. 60 రూములకూ కలిపి లింక్ మీద పోయేది 6 మెగాబిట్లే కాబట్టి వైర్‌లెస్ కూడా మోయగలదు. ఈత్3 మీద కూడా రెండు వైపులా పిమ్ పెట్టండి. బీలో రెండు డిఫాల్ట్ రూట్లు ఉంచి, వైర్‌లెస్‌దానికి డిస్టెన్స్ పెంచండి, అప్పుడు అది రెండో వరసలో ఉంటుంది. ఏ నుంచి హాస్టల్‌కు వచ్చే రూట్‌కూ అలాగే చేయండి. ఫైబర్ దిగినప్పుడు రూట్ దానంతట అదే మారుతుంది, ఆర్‌పీఎఫ్ దాని వెంట పోతుంది, జాయిన్ కొత్త దారిన వెళ్తుంది. చేత్తో మార్చే అవసరం ఉండదు, తిరిగి మార్చడం మర్చిపోయే అవకాశం కూడా ఉండదు.

కేబుల్_ఒంగోలు | బుధవారం సాయంత్రం 6:20

ఒక్క మాట గురువుగారూ. వాళ్లు ఫైబర్‌కు మీడియా కన్వర్టర్ వాడుతుంటే, బయట ఫైబర్ తెగినా కన్వర్టర్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న రాగి తీగ లింక్ పచ్చగానే వెలుగుతుంది. రౌటర్‌కు లింక్ దిగినట్టే తెలియదు, స్టాటిక్ రూట్ అలాగే ఉంటుంది. కన్వర్టర్ కింద చిన్న డిప్ స్విచ్‌లు ఉంటాయి. ఫైబర్ పోతే రాగి వైపు కూడా దించే సెట్టింగ్ వాటిలో ఉండొచ్చు. రెండు చివర్లా ఆన్ చేసి పరీక్షించు తమ్ముడూ.

కృష్ణాతీరం | గురువారం రాత్రి 7:50

కన్వర్టర్లే వాడుతున్నాం అన్నా. తిరగేసి చూస్తే నాలుగు డిప్ స్విచ్‌లు ఉన్నాయి, మూడోది మీరు చెప్పినది. రెండు చివర్లా ఆన్ చేశాను.

సాయంత్రం పరీక్ష పెట్టాను. హాస్టల్ రూమ్ 14లో ఒక పిల్లాడిని తెర ముందు కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చాను, నేను మెయిన్ బ్లాక్‌లో ఫైబర్ ప్యాచ్ కార్డ్ లాగాను. 'సార్, ఆగింది' అన్నాడు. నేను గడియారం చూస్తూ ఉన్నాను. 'వచ్చింది సార్' అన్నాడు. 9 సెకన్లు. బీలో ఆర్‌పీఎఫ్ ఈత్3 అయింది, ఏలో ఓఐఎఫ్ ఈత్3 అయింది. ప్యాచ్ కార్డ్ మళ్లీ పెట్టాక రెండూ ఈత్2కి తిరిగొచ్చాయి, ఈసారి వాడికి ఆగినట్టు తెలియనే లేదు.

కొత్తమొక్క | గురువారం రాత్రి 8:15

నాది కూడా పనిచేసింది. 239.1.1.7 పెట్టాను, మూడు వర్చువల్ మెషీన్లు దాటి వస్తోంది. ఇప్పుడు మధ్య దాంట్లో రూట్ కావాలని తప్పుగా పెట్టి, రాంగ్ ఐఐఎఫ్ లెక్క పెరుగుతుందేమో చూస్తున్నాను.